నిమ్మకాయనూ నన్నూ ఒకే గీతతో కొట్టేసిన మనిషి

ఆయన మీద నాకున్నది గౌరవమని నలుగురిలో చెబుతూ వచ్చాను. గౌరవం లేకపోలేదు. కానీ ఎక్కువ పాలు అసూయ. పచ్చి అసూయ. పోయిన నెల ఆయన గుండె ఆగి చనిపోయాడని ఫోను వచ్చినప్పుడు నాలో మొదట కదిలింది దుఃఖం కాదు, ఇక ఈ మనిషి పక్కన నిలబడి నన్ను నేను కొలుచుకోనక్కర్లేదన్న ఊరట. అది క్షణం ఉందో, అరక్షణం ఉందో, ఉన్నమాట నిజం. దాన్ని దాచిపెట్టి, ఆయన మహనీయుడూ సౌమ్యుడూ అంటూ నాలుగు మెత్తటి మాటలు రాయడం నా చేతకాదు. చచ్చిపోయినవాళ్ళని పొగడడం బతికున్నవాళ్ళకి అలవాటైన అబద్ధం. ఆ అబద్ధం ఆయనకి అక్కర్లేదు.

పేరు రాయను. ఒకసారి మా చిన్న పత్రికలో ఆయన గురించి రాస్తానంటే, "నా పేరెందుకన్నా, పని గురించి రాయుండ్రి" అన్నాడు. పేరు వద్దన్నంత మాత్రాన వినయమని నేననుకోలేదు. ఆయనకి నిజంగానే పేర్ల మీద ఆసక్తి లేదు. ఇంటి దగ్గర పరిచయమైనవాళ్ళని కూడా "ఆ ఫ్రిజ్ గ్యాస్కెట్ ఆంటీ", "వాషింగ్ మిషన్ బెల్టు తమ్ముడు" అని గుర్తుపెట్టుకునేవాడు. నన్నేమని గుర్తుపెట్టుకున్నాడో అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

హైదరాబాదు ముస్లిం కుటుంబం. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ, సింగపూర్‌లో, ఓడల మరమ్మతు యార్డులో హైడ్రాలిక్ పని, అంటే నూనెని ఒత్తిడితో తోసి టన్నుల బరువుల్ని కదిలించే యంత్రాల పని. కాపురం వుడ్‌ల్యాండ్స్‌లో. నేను బుకిట్ పంజాంగ్‌లో. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నా తిండికి, నెలకోసారి మా బ్లాకు కింద హాల్లో పెట్టే హేతువాద చర్చ నా ప్రాణానికి. బెజవాడ సభల్లో కుర్రతనం నుంచీ గొంతు చించుకున్నవాణ్ణి. ముహూర్తాలనీ వాస్తునీ బాబాలనీ ముప్పై ఏళ్ళుగా చీల్చి చెండాడుతున్నాను. ఈ ముప్పై ఏళ్ళలో ఎంతమంది మనసు మార్చానంటే లెక్క చెప్పలేను. చెప్పలేకపోవడానికి కారణం వాళ్ళు ఎక్కువ కావడం మాత్రం కాదు.

ఆయన మా చర్చలకి క్రమం తప్పకుండా వచ్చేవాడు. చివరి వరుస. మధ్యలో నమాజు వేళైతే లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చునేవాడు. అయిపోయాక కుర్చీలన్నీ తనే మడిచి గోడకి చేర్చేవాడు. చేతులు మాత్రం ఎప్పుడూ జేబులో ఉన్న పాత లుంగీ ముక్కతో తుడుచుకుని గాని ఎవరికీ చెయ్యి ఇచ్చేవాడు కాదు, నూనె లేకపోయినా సరే. వంటగదిలో మిక్సీ మొరాయిస్తే ఒక కన్ను మూసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించి వినేవాడు, డాక్టరు గుండె విన్నట్టు. హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకేచోట ఉండే హాల్లో, అందరూ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టుకుంటే, ఆయన జేబులో కొలత టేపు తీసి పెట్టేవాడు. "టిష్యూ పోతే ఎవరిదో తెల్వదు. టేపు పోతే నాకు వెంటనే తెలుస్తది, పని ఆగుతది కద" అనేవాడు. ఎవరూ తీసేవారు కాదు.

ఒకసారి సభలోనే ఆయన్ని నిలదీశాను. నిలదీయడం నాకు ఇష్టమైన పని.

"భాయ్, యార్డులో ప్రతి బోల్టునీ అనుమానించే మీరు ఇంటికెళ్ళి నుదురు నేలకి ఆనిస్తారు. ఈ రెండూ ఒకే తలలో ఎట్లా ఉంటాయి?"

హాలంతా వెనక్కి తిరిగింది. ఆయన నవ్వాడు. "అది నాకూ అల్లాకూ మధ్య సంగతన్నా. నాకూ పంపుకూ మధ్య ఆయన ఎన్నడూ రాలే. నేను పిలవలే."

చప్పట్లు కొట్టారు. ఆ జవాబుతో నాకు నేటికీ పేచీ ఉంది. పంపు దగ్గరికి పిలవనివాణ్ణి ఇంట్లోకి పిలవడమెందుకని అప్పుడే అడగవలసింది. అడగలేదు, ఎందుకంటే చప్పట్లు కొట్టినవాళ్ళలో మొదటి వరుసలో మా ఆవిడ ఉంది. పాతికేళ్ళ కాపురంలో నా ఉపన్యాసానికి ఆవిడ చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. పక్కనే నా కూతురు. చప్పట్లు కొట్టలేదు గాని, ఆయన వంక ఒక చూపు చూసింది. కొత్త పరికరాన్ని చూసినట్టు. అక్కడ మొదలైంది నా జబ్బు.

అది ముదిరింది నాలుగేళ్ళ కిందట, ఒక ఆదివారం ఉదయం, మలేషియాలో మెర్సింగ్ దగ్గర సముద్రపు ఒడ్డున.

అప్పుడు మా అమ్మాయి చదువు ముగించి, సైన్స్ పార్క్‌లో ఒక పరిశోధన సంస్థకి దరఖాస్తు పెట్టింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఇంటర్వ్యూ. ఉన్నది ఒకటే ఖాళీ. రెండు వారాలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. "మెదడుకి గాలి ఆడాలి, రెండు రోజులు ఎటైనా పోదాం" అని పట్టుబట్టినవాణ్ణి నేనే. "ఈ వీకెండ్ వద్దు నాన్నా, ప్లీజ్ లాహ్" అని అది సింగపూర్ యాసలో మొత్తుకున్నా వినలేదు. సరిహద్దు వంతెన అవతల, మలేషియా జొహోర్‌లో, ఒక చైనీస్ టౌకే, అంటే షావుకారు, పాత మోటార్‌హోమ్ అద్దెకిస్తాడని తెలిసింది. బస్సంత బండి. అందులోనే పడక, వంటిల్లు, స్నానాలగది. అంత బండి నడిపే లైసెన్సు మాలో ఆయనకే ఉంది. వాళ్ళావిడకి ఆసుపత్రిలో డ్యూటీ, ఆవిడ రాలేదు. మేం ముగ్గురం, ఆయన.

బండి తీసుకునేటప్పుడే ఒక రగడ. మా ఆవిడ సంచీలోంచి నిమ్మకాయలు తీసి ముందు చక్రాల కింద పెట్టింది. నేను కాలితో పక్కకి తన్నేశాను, టౌకే చూస్తుండగా. అవి దొర్లుకుంటూ కాలవలో పడ్డాయి. ఆవిడ సంచీ జిప్పు బర్రున లాగి బండెక్కింది.

ఆ బండిలో ఒక వింత ఉంది. ఆపుకున్నాక బటన్ నొక్కితే పక్క గోడ, దానికి అంటుకున్న సోఫాతో సహా, మూడడుగులు బయటికి జరుగుతుంది. గది వెడల్పవుతుంది. బయల్దేరేముందు మళ్ళీ బటన్ నొక్కి లోపలికి లాక్కోవాలి. గోడ బయట ఉండగా బండి రోడ్డెక్కకూడదు. రెండు రోజులు ఆ వెడల్పు గదిలో పెసరట్లు తిని, సముద్రం చూసి, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సర్దుకున్నాం. అమ్మాయి బటన్ నొక్కింది.

టక్.

మళ్ళీ నొక్కింది. టక్. గోడ కదల్లేదు.

టౌకేకి ఫోను చేస్తే మెకానిక్ మంగళవారం వస్తాడన్నాడు. ఊరు పదిహేను కిలోమీటర్లు. స్కూలు సెలవుల్లో ఆఖరి ఆదివారం కావడంతో సింగపూర్ బస్సులన్నీ నిండిపోయాయి. ఊళ్ళో టాక్సీవాడు ఆ తోటల్లోని మట్టి దారికి రానన్నాడు. వంతెన మీద ఆ సాయంత్రం వాహనాలు గంటలకొద్దీ నిలిచిపోతాయని అందరికీ తెలుసు. మధ్యాహ్నం పన్నెండు దాటకుండా బయల్దేరకపోతే, మా అమ్మాయి ఇంటర్వ్యూ ఆ ఇసుకలో కూరుకుపోయినట్టే.

"ఐ టోల్డ్ యూ," అంది అది. అంతే. గొంతు లేవలేదు. లేస్తే బాగుండేది.

ఆపదలో మాట్లాడకుండా ఉండలేని జబ్బు నాది. "పంపు కాలిపోయింది," అని ప్రకటించాను. "నిన్న రాత్రే నాకు వాసన తగిలింది. మోటారు తిరగడం లేదంటే కాలినట్టే లెక్క."

"ఆ వాసన నా పెసరట్టు మాడినదండీ," అంది మా ఆవిడ. "మీరు అక్కడే కూర్చుని దేశాన్ని ఉద్ధరిస్తున్నారు. తిప్పమంటే తిప్పలేదు."

"పెసరట్టు వాసనకీ ఇన్సులేషన్ వాసనకీ తేడా నాకు తెలుసు."

"నాకు తెలిసింది ఒకటే. నిమ్మకాయలు తన్నారు. దిష్టి తగిలింది. ఇంతమంది చూపు పడ్డ బండి."

ఇంక నేనాగుతానా? చక్రానికీ నిమ్మకాయకీ, చూపుకీ ఇనుముకీ సంబంధమేమిటని మొదలెట్టాను. సముద్రపు ఒడ్డున శ్రోతలు ముగ్గురే అయినా గొంతు మాత్రం బెజవాడ మైదానానికి సరిపోయేంత. మా ఆవిడ మొహం ముడుచుకుపోతోంది. అమ్మాయి చెవులు మూసుకుంది.

ఆయన ఈ గోలంతటి మధ్యా అద్దె కాగితం వెనక్కి తిప్పి, చెవి మీది పెన్సిల్ తీసుకుని రాసుకుంటున్నాడు.

"దిష్టి," అని చదివాడు. "పంపు. ఇంకా ఏమన్న ఉందా బేటా?"

అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసింది. "సమ్‌థింగ్ స్టక్ అయ్యుండొచ్చు, అంకుల్."

"అడ్డం," అని రాశాడు. "నూనె తక్కువైందేమో, అది నాలుగు. మోటరుకు కరెంటు సక్కగ అందుతలేదేమో, అది అయిదు. అది నా అనుమానం. నాది గూడ అనుమానమే."

"భాయ్, దిష్టిని కూడా రాశారా?" నేను మండిపడ్డాను.

"ఎవరు చెప్పిన్రో రాయలేదన్నా. ఏం చెప్పిన్రో రాసిన." కాగితాన్ని బండి తలుపుకి అంటించాడు. "సులువుగ తేలేటివి ముందు. విప్పేటివి చివరికి. భాభీ, నిమ్మకాయలున్నయా ఇంకా?"

ఉన్నాయి. మా ఆవిడ సంచీలో నిమ్మకాయలు లేని రోజు ఉండదు.

"అయితే పద్ధతి మొత్తం చెప్పుండ్రి. ఎటు దిక్కు నిలబడాలె, ఎన్నిసార్లు తిప్పాలె, అన్నీ. ఒక్కటి గూడ ఇడిసిపెట్టొద్దు. తర్వాత 'అది చెయ్యలే గనక పనిజెయ్యలే' అని మనసుల ఉండిపోవద్దు."

నేను చూస్తూ నిలబడ్డాను. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, తన నమ్మకం కాని నమ్మకాన్ని, అంత శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాడు. మా ఆవిడ రెండు నిమ్మకాయలు తీసుకుని బండి చుట్టూ తిప్పింది. ఒకటి చాలదా అంటే, "పెద్ద బండి కదా" అంది. కోసి, కుంకుమ అద్ది, చెరో పక్క విసిరింది. ఆయన వెంట నడుస్తూ ఎక్కడ పడ్డాయో కూడా చూశాడు.

"ఇంకేమన్న మిగిలిందా భాభీ?"

"లేదు భాయ్. అంతే."

"అమ్మాయీ, నొక్కు."

టక్.

ఆయన మా ఆవిడ వైపు చూశాడు. ఎగతాళి లేదు. యార్డులో తోటి మనిషిని చూసినట్టు చూశాడు. ఆవిడే అంది, "అది కాదులెండి. కొట్టేయండి." ఆయన పెన్సిల్‌తో దిష్టి మీద గీత కొట్టాడు. ఆవిడ నవ్వింది. చేతులు దులుపుకుని, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి, టార్చి నేను పట్టుకుంటా" అంది.

పాతికేళ్ళు. నేను పాతికేళ్ళు అరిచి, వెక్కిరించి, తన్ని, అలిగి సాధించలేనిది ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఆవిడ నోటితోనే. ఆ క్షణంలో నాకు ఆనందం కలగాలి కదా? హేతువు గెలిచింది కదా? నాకు కలిగింది, ఎవరో నా పొలంలో నాకంటే ముందు కోత కోసుకుపోయిన మంట.

తర్వాత "అడ్డం". ఆయనా అమ్మాయీ బండి కిందకి దూరి, గోడ జరిగే పట్టాల పొడవునా చేత్తో తడిమారు. ఏమీ లేదు. గీత. తర్వాత నూనె. తొట్టి మూత తీస్తే మట్టం గుర్తుకి చాలా కిందుంది. నేను గెంతాను. "తక్కువ! చూశారా? డబ్బా ఉంది, పోసేద్దాం."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగుండ్రన్నా. గోడ బయటున్నప్పుడు తక్కువే కనపడ్తది. కొంత నూనె సిలిండర్ల ఉంది ఇప్పుడు. నింపినమనుకో, గోడ లోపలికొచ్చినంక అంతా వెనక్కొచ్చి పొంగుతది. ఉండాల్సినంతే ఉంది." గీత.

"ఇక పంపు," అన్నాను నేను, ఛాతీ విరుచుకుని. మిగిలింది నా సిద్ధాంతమూ ఆయన సిద్ధాంతమూ. ఆయన బ్యాటరీ నుంచి రెండు లావాటి తీగలు, ప్లస్సూ మైనస్సూ, నేరుగా మోటారుకి తగిలించాడు. మోటారు ఒక్కసారిగా బుర్రుమంది. కాలిపోయిందని నేను మరణ ధ్రువీకరణ ఇచ్చిన మోటారు!

"బతికే ఉందన్నా," అన్నాడు. గీత కొట్టాడు. తలుపు మీది కాగితంలో దిష్టి, దాని కిందనే పంపు. ఒకే పెన్సిల్, ఒకే పొడవు గీత. నిమ్మకాయకి ఎక్కువ కాదు, నాకు తక్కువ కాదు. మా ఆవిడ ఆ రెండు గీతల్నీ చూసి, నన్ను చూసి, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నాకు ఆ గీతల కంటే ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. మా అమ్మాయి ఇంటర్వ్యూ మరిచిపోయింది. పదకొండైనా గడియారం చూడటం లేదు. కరెంటు కొలిచే మీటరు సూదులు రెండూ పట్టుకుని, "అంకుల్, బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గా ఇస్తే తిరిగింది. అంటే మధ్యలో ఎక్కడో పోతోంది. ప్లస్ సైడ్ చూద్దామా, మైనస్ సైడా?" అని అడుగుతోంది. ఆ మెరుపు ఆ మొహంలో నా ఉపన్యాసాలు ఎప్పుడూ తెప్పించలేదు.

"నువ్వే చెప్పు బేటా. ఏది ముందు?"

"మైనస్. దగ్గర్లో ఉంది కాబట్టి."

"శభాష్. నువ్వు పైకెళ్ళి నొక్కు. నొక్కి పట్టుకో. నేను కింద మీటరు చూస్త."

అది పైకెళ్ళింది. వాళ్ళమ్మా వెంట వెళ్ళింది. కింద ఆయనా నేనూ మిగిలాం. బటన్ నొక్కినప్పుడల్లా బ్యాటరీ మైనస్‌కీ బండి ఇనుముకీ మధ్య అంకె ఎగిరి కూర్చుంటోంది. సున్నా దగ్గర ఉండవలసిన అంకె అది. "ఎర్తు," అన్నాడు. బండి ఒంటికి మైనస్‌ని కలిపే తీగ ఎక్కడో సరిగా అతకలేదన్నమాట. బ్యాటరీ వెనక కింది అర మూత తీశాడు.

అందులో పచ్చడి జాడీ ఉంది.

నేనే పెట్టాను. శుక్రవారం, వుడ్‌ల్యాండ్స్ నుంచి బయల్దేరి బండి దగ్గరికొచ్చాక, "పైన ఊగితే నూనె కారుతుంది" అని ఆ ఐదు కిలోల జాడీని గుడ్డలో చుట్టి ఆ అరలో కుక్కాను. పట్టకపోతే మోకాలితో తోశాను. ఇప్పుడది ఒక లావాటి నల్ల తీగ మీద వాలి ఉంది. తీగ చివర బోల్టు వేళ్ళతోనే తిరిగేంత వదులు. చుట్టూ ఆవకాయ నూనె.

ఆయన నా వంక చూశాడు. ఒక్కసారి. తర్వాత జాడీ బయటికి తీసి, లుంగీ ముక్కతో దాని ఒళ్ళు తుడిచి, నా చేతుల్లో పెట్టాడు. "లోపల పెట్టుండ్రన్నా, ఎండకు పాడైతది."

అంతే. గరుకు కాగితంతో తీగ చివర రుద్ది, పానాతో బోల్టు బిగించాడు. పైకి కేకేశాడు. అమ్మాయి నొక్కింది. గోడ బుసకొడుతూ, సోఫాతో సహా, మూడడుగులు లోపలికి నడిచొచ్చింది. పైన చప్పట్లు, కేరింతలు. అమ్మాయి మెట్లు దూకి వచ్చింది.

"వాట్ వాజ్ ఇట్, అంకుల్?"

"ఎర్తు వదులైంది. రోడ్డు అదురుడు కద, బేటా."

నేను జాడీ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు. సత్యం, సాక్ష్యం, నిర్భయంగా ఒప్పుకోవడం, ఈ మాటలనే ముప్పై ఏళ్ళు వల్లించిన నోరు అది. పన్నెండుకి పావుగంట ముందు బయల్దేరాం. సాయంత్రం వంతెన మీద చీమల బారులా పాకి ఇల్లు చేరాం. మర్నాడు అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఒక సమస్యని ఎలా ఛేదిస్తావో చెప్పమంటే గోడ కథ చెప్పిందట. ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్ళూ నేను పడ్డ అవస్థ ఎవరితో చెప్పుకోను? అమ్మాయికి ల్యాబులో యంత్రం మొరాయిస్తే ఫోను ఆయనకి. శనివారాలు వుడ్‌ల్యాండ్స్ వెళ్ళి ఆయనతో పాత పంపులు విప్పేది. "అంకుల్ అట్లా అనరు నాన్నా, అంకుల్ అయితే ముందు చూస్తారు" అనేది. నేను అంతకంతకూ మనసులో ఒకటే నూరుకునేవాణ్ణి: ఆయన నా తప్పు కడుపులో పెట్టుకున్నాడు, కూతురి ముందు నన్ను కాపాడాడు, ఎంత ఉదారుడు, ఆ ఔదార్యం చూసుకుని లోపల ఆయనకెంత గర్వమో! ఒకడు మనకి మేలు చేసి దాన్ని బయటపెట్టకపోతే అంతకంటే పెద్ద అప్పు లేదు. ఆయన కనబడ్డప్పుడల్లా ఆ జాడీ బరువు చేతుల్లో తెలిసేది.

ఆ బరువుకి తిక్కరేగి ఒక నీచమైన పని కూడా చేశాను. మా చర్చలో ఒక ఆదివారం నిమ్మకాయ పరీక్షని నా సొంత ఆలోచనగా చెప్పాను. "నేను మా ఆవిడతో అన్నాను, పద్ధతి మొత్తం చెప్పు, ఒక్కటీ వదలొద్దని." జనం ఊగిపోయారు. చివరి వరుసలో ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. అయిపోయాక కుర్చీలు మడుస్తూ దగ్గరికొచ్చాడు.

"మస్తు చెప్పిన్రన్నా. ఒక్క నిమ్మకాయ అన్నరు. రెండు తిప్పినం కద ఆ దినం. పెద్ద బండి అని."

అంతే. ఆయన దిద్దింది అంకె ఒక్కటే. ఎవరి ఆలోచన అన్నది ఆయనకి పట్టలేదో, పట్టనట్టు నటించాడో తేల్చుకోలేక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

పోయిన నెల, ఆయన పోయిన వారానికి, మేం ముగ్గురం వుడ్‌ల్యాండ్స్ వెళ్ళాం. చిన్న ఫ్లాట్. వాళ్ళావిడ టీ పెట్టి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీరు మెర్సింగ్ పోయిన దినం ఏమైంది బేటా? నేను డ్యూటీల ఉంటిని. ఆయనకు చెప్పొస్తదా? 'గోడ ఇరికింది, తీసినం' అన్నరు. గంతే."

అమ్మాయి చెప్పడం మొదలెట్టింది. పెసరట్టు, నిమ్మకాయలు, గీతలు. ఆవిడ వారం తర్వాత మొదటిసారి నవ్విందని పక్కవాళ్ళు తర్వాత చెప్పారు. మా ఆవిడ నా పంపు ఉపన్యాసాన్ని నన్ను అనుకరిస్తూ చెప్పింది. చివరికి అమ్మాయి, "ఏం లేదు ఆంటీ, ఎర్త్ బోల్ట్ లూజ్. రోడ్డు అదురుకి" అంది.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పడం నాకు రాదు.

"రోడ్డు కాదు," అన్నాను. "నేను. పచ్చడి జాడీని ఆ అరలో మోకాలితో తోసి పెట్టింది నేను. అదే తీగని వదులు చేసింది. ఆయన చూశాడు. నన్ను కాపాడడానికి రోడ్డని చెప్పాడు. నాలుగేళ్ళు నేను నోరు మూసుకున్నాను. నీ ఇంటర్వ్యూ పోయేది నా వల్లే, అమ్మా."

"ఏ జాడీ? మా అమ్మ ఇచ్చిన జాడీయా?" అంది మా ఆవిడ. నేను కూతురి మొహం కోసం చూస్తున్నాను. కోపమో, క్షమో, ఏదో ఒక తీర్పు. రెంటికీ సిద్ధపడే వచ్చాను. నిజం చెప్పాలంటే కొంచెం ఘనంగా కూడా ఉంది, ఇంత బాహాటంగా ఒప్పుకుంటున్నందుకు.

అది నుదురు ముడిచి ఆలోచిస్తోంది.

"నాన్నా, నువ్వు జాడీ పెట్టేటప్పుడు బోల్ట్ టైట్‌గా ఉందా?"

"చూడలేదు."

"జాడీ తీశాక, బోల్ట్ బిగించకముందు, నన్ను బటన్ నొక్కమన్నారా?"

"లేదు. వెంటనే బిగించాడు."

"అది పాత బండి లాహ్. ముందు నుంచే లూజ్‌గా ఉండొచ్చు. రోడ్డే అయ్యుండొచ్చు. రెండూ కావొచ్చు. జాడీ అని నీకెట్లా తెలుసు?"

పంపు కాలిందని ఎట్లా తేల్చానో, నా నేరాన్నీ అట్లాగే తేల్చుకున్నాను. వాసన చూసి తీర్పు చెప్పాను.

"అంకుల్ నిన్ను కాపాడడానికి అట్లా అన్నారని ఆయన చెప్పారా?"

"నా వంక చూశాడు."

"చూస్తే?"

ఒక్క చూపు. దాని మీద నాలుగేళ్ళు ఒక భవనం కట్టాను. ఆయన ఔదార్యం, నా రుణం, నా అసూయ, అన్నీ అందులో కాపురం పెట్టాయి. ఆయన నన్ను కాపాడాడో, లేక రోడ్డేనని నిజంగా అనుకున్నాడో, జాడీ ఇచ్చినప్పుడు ఎండ గురించే ఆలోచించాడో. "భాయ్, ఆ రోజు మీరేమనుకున్నారు?" అని అడిగితే సరిపోయేది. నెలకోసారి కుర్చీలు మడుస్తూ నా ఎదురుగానే ఉండేవాడు. అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

వాళ్ళావిడ నా వంకే చూస్తోంది. అమ్మాయి జవాబు కోసం ఆగింది, తొందరపెట్టకుండా.

"తెలియదు," అన్నాను.

వేదికల మీద ఇంతకాలంలో నేనెప్పుడూ అనని మాట. అమ్మాయి తలూపింది. ఆ జవాబు దానికి సరిపోయింది. నాకు సరిపోలేదు. ఇదే చోట, ఇదే జవాబుతో ఆయన హాయిగా టీ తాగేసి ఉండేవాడు.